మనిషి చాటు

జూలై, ఆగస్టు నెలల్లో తేలుకుంచి వెళ్ళేవాళ్ళు గొడుగు పట్టుకెళ్ళాలి. వాన సంగతి తరవాత, ముందు రెట్టలు. శ్రీకాకుళం జిల్లా ఒడిశాని తాకే చోట, ఇచ్ఛాపురం మండలంలో ఉంది ఆ ఊరు. తొలకరి పడే రోజుల్లో నత్తగుల్ల కొంగలు గుంపులు గుంపులుగా దిగి ఊరి చెట్లన్నీ ఎక్కేస్తాయి. ఊరవతల చెరువుగట్టు మీది చెట్లనుకునేరు. ఇళ్ళ మధ్య చెట్లు, పెరట్లో చింతచెట్లు. వంటింటి గుమ్మంలో నిలబడి తలెత్తితే గూట్లో పిల్లల్ని లెక్కపెట్టొచ్చు.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఓ ఇంటి వెనక తల పైకెత్తి, నోరు తెరిచి చూస్తూంటే ఆ ఇంటి ముసలమ్మ గదమాయించింది. "ఏటి బాబూ, అలగ సూస్తన్నావు? నోరు మూసుకోని సూడు!" ఆ హెచ్చరికలో ఎంత అనుభవం ఉందో అరనిమిషంలో నా చొక్కాకి తెలిసింది.

ఆ నాలుగైదు నెలలూ చెట్టు కింద మంచం వేసుకోవడం ఉండదు, బట్టలారేసుకోవడం ఉండదు. రెట్టలు రాలుతుంటాయి, పిల్లల నోట్లోంచి జారిన నత్తల ముక్కలు పడుతుంటాయి. వాన వెలిసి ఎండ కాసినప్పుడు లేచే వాసన గురించి రాయకపోవడమే మర్యాద. ఇంత చేసినా ఆ ఊళ్ళో వాటిని కొట్టరు, గూళ్ళు లాగరు. ఎందుకని అడిగితే కొంగలు వాలే ఊళ్ళన్నిట్లోనూ ఇంచుమించు రెండే జవాబులు. ఒకటి, అవి వస్తేనే వానలొస్తాయి. రెండు, ఆడపిల్ల పురిటికి పుట్టింటికొస్తే ఎవరైనా తరిమేస్తారా?

మొదటి జవాబులో కారణమూ ఫలితమూ తారుమారయ్యాయి. నత్తగుల్ల కొంగకి ప్రాణాధారం మన వరిమళ్ళలో, చెరువుల్లో ఉండే పెద్ద నత్త. ఎండాకాలమంతా ఆ నత్త తన గుల్లకి మూత బిగించుకుని ఎండిన బురద లోపల నిద్రపోతుంది. తొలకరికి మడి తడిసి నీళ్ళు నిలిస్తే పైకి వస్తుంది. మడి నిండా నత్తలుండే ఆ కొద్ది నెలల్లోనే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల కడుపు నింపి, ఎగరడం నేర్పాలి. అంచేత కొంగ వానకి ముందు నడిచే దూత ఏమీ కాదు. వాన తెచ్చే నత్తల కోసం వేళ చూసుకుని వచ్చే గృహిణి.

దాని ముక్కు గురించి ఓ మాట చెప్పి ముందుకెళ్తాను, చెప్పకపోతే అన్యాయం. ముక్కు మూసుకున్నా రెండు దవడల మధ్య సందు మిగిలిపోతుంది, మొదలూ కొసా కలుస్తాయి గాని నడుమ కలవవు. ఇంగ్లీషులో దాన్ని ఓపెన్‌బిల్ అనడం ఇందుకే. చూసినవాళ్ళందరూ అది అడకత్తెర అనుకున్నారు, వక్కని నొక్కినట్టు నత్తని ఆ సందులో పెట్టి పగలగొడుతుందని. జూలియన్ హక్స్‌లీ అంతటి జీవశాస్త్రవేత్త 1960లో ఈ సందు ఎందుకన్న ప్రశ్న మీదే ఓ వ్యాసం రాశాడు. ఫిలిప్ కాల్ అనే పరిశోధకుడు 1971లో ప్రచురించిన పరిశీలనలతో విషయం తేలింది. కొంగ గుల్లని పగలగొట్టదు. పై దవడతో నత్తని నేలకి అదిమిపెట్టి, కాస్త వంకర తిరిగిన కింది దవడ కొసని మూత కిందకి దూర్చి, నత్తని గుల్లకి పట్టి ఉంచే కండరాన్ని తెంపేస్తుంది. ఆ తరవాత మెత్తని ఒళ్ళు మొత్తం ఒక్క లాగులో బయటికి వస్తుంది. ఇదంతా చాలాసార్లు నీళ్ళ అడుగున, చూడకుండానే. పుట్టిన పిల్లకి ముక్కులో సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

ఇక రెండో జవాబు. పురిటికొచ్చిన ఆడపిల్ల అన్న మాటలో పత్రికలు రాసే దానికన్నా ఎక్కువ సైన్సుంది. ఏటా ఈ పక్షుల గురించి వార్త వస్తుంది, ఏటా అందులో సైబీరియా ఉంటుంది. టెక్కలి మండలం తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతుల గురించీ, పెయింటెడ్ స్టార్క్ అనే రంగురంగుల కొంగల గురించీ అదే రాస్తారు, వేల కిలోమీటర్లు దాటి సైబీరియా నుంచి విడిదికి వచ్చాయని. సైబీరియా నుంచి మన దేశానికి వచ్చే పక్షులు ఉన్నాయి, లేకేం. బాతులు, ఉల్లంకులు బోలెడు. కానీ అవి గుడ్లు పెట్టేది అక్కడి వేసవిలో, అక్కడే. మన దగ్గర చలికాలం గడిపి తిరిగెళ్తాయి, ఒక్క గూడు కూడా కట్టవు. గూడు ఎక్కడ కడితే పక్షికి అదే స్వస్థలం. నత్తగుల్ల కొంగ, గూడబాతు, పెయింటెడ్ స్టార్క్ మూడూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. నీళ్ళని బట్టి, తిండిని బట్టి తిరుగుతుంటాయి, దూరాలు కూడా పోతాయి. భరత్‌పూర్‌లో కాలికి కడియం వేసిన నత్తగుల్ల కొంగ దాదాపు 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. థాయిలాండ్‌లో కడియం వేసినది దాదాపు 1500 కిలోమీటర్లు దాటి బంగ్లాదేశ్‌లో కనిపించింది. సైబీరియాలో మాత్రం ఎవరికీ కనిపించలేదు. అంచేత ఆ ఊళ్ళవాళ్ళు అన్నదే నిజం. వచ్చింది చుట్టం కాదు, ఇంటి పిల్ల.

అయితే పురిటికి ఈ పెరడే ఎందుకు? కొండల్లో చెట్లు లేవా? మహేంద్రగిరి అడవి ఎంతో దూరం లేదు. అక్కడ మనుషుల గోల లేదు, చీపురు పట్టుకుని తిట్టే ముసలమ్మ లేదు. అన్నీ వదిలి మనిషి నెత్తిమీద గూడు కట్టడంలో అర్థమేమిటి?

జవాబు కోసం కాసేపు అమెరికా వెళ్ళాలి. ఎల్లోస్టోన్ ప్రాంతంలో మూస్ అనే దుప్పి ఉంటుంది. దుప్పి జాతుల్లో అన్నిటికన్నా పెద్దది, గుర్రమంత ఎత్తు. అక్కడ చాలాకాలం కనుమరుగైన గోధుమరంగు ఎలుగుబంట్లు మళ్ళీ పెరిగాయి. మూస్ పిల్లలంటే వాటికి ప్రాణం, తినడానికి. జోయెల్ బెర్గర్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చూసి 2007లో ఓ విచిత్రం బయటపెట్టాడు. చూలుతో ఉన్న మూస్‌లు ఏడాదికేడాది తారురోడ్ల దగ్గరికి జరిగి ఈనుతున్నాయి. చూలు లేనివి జరగలేదు. ఎలుగుకి మనిషంటే బెదురు, అది రోడ్డు దగ్గరికి రాదు. ఆ సంగతి మూస్ కనిపెట్టింది. ఎలుగు నుంచి తప్పించుకోవడానికి మనిషిని అడ్డం పెట్టుకుంది. దీనికి మానవ కవచమని పేరు పెట్టారు గాని, మనకి ఇంకా మంచి మాట ఉంది. గాలివానలో గోడ చాటున నిలబడతాం. అలాగే ఇది మనిషి చాటు.

తేలుకుంచి చింతచెట్టు మీద జరిగేదీ ఇలాంటిదేనని నా నమ్మకం. కొంగ గూటికి శత్రువులు కోతి, డేగ, కాకి, పాము. ఇళ్ళ మధ్య కోతిని రాళ్ళు పెట్టి తరుముతారు, పాము కనిపిస్తే ఊరంతా కర్రలతో వస్తుంది, డేగ వాలడానికి జంకుతుంది. కొంగ కోసం ఇవేవీ చెయ్యరు, తమ కోసం చేసుకుంటారు. లాభం కొంగకి కూడా దక్కుతుంది. ఒక్కటే షరతు, ఆ మనిషి స్వయంగా వేటగాడు కాకూడదు. అందుకే ప్రతి ఊరి చింతచెట్టూ కొంగకి పనికిరాదు. తరతరాలుగా రాయి విసరని ఊరు కావాలి. అలాంటి ఊరు దొరకడం ఎంత కష్టమో, దొరికినదాన్ని కాపాడుకోవడం ఊరివాళ్ళకీ అంతే కష్టం. చెంగల్పట్టు దగ్గర వేదాంతంగళ్‌లో దొరల సిపాయిలు వచ్చి కొంగల్ని కాల్చేస్తుంటే ఊరి రైతులు కలెక్టరు దగ్గరకెళ్ళి మొరపెట్టుకుని, ఇక్కడ పక్షుల్ని వేటాడకూడదని కౌలు కాగితం రాయించుకున్నారు. అది 1798. వాళ్ళకది భూతదయ మాత్రమే కాదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు.

*

ఇప్పుడు జింకల దగ్గరికి వద్దాం. మనిషి చాటుకి అసలైన ఉదాహరణ ఇచ్ఛాపురానికి ఉత్తరాన, గంజాం జిల్లాలో ఉంది. మన పాతవాళ్ళకి గంజాం పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం విడిపోయే దాకా ఇచ్ఛాపురం, టెక్కలి అన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోవే. అటు మిగిలిన ముక్కలో భేట్నోయి, బలిపదర్ అనే ఊళ్ళ చుట్టూ కృష్ణజింకలు తిరుగుతాయి. అడవిలో అనుకోకండి. వరిచేలలో, పెసరచేలలో, గడ్డివాముల పక్కన. దున్నుతున్న రైతుకి కనుచూపుమేరలో మంద మేస్తుంటుంది.

జింక అన్నాను గాని ఒక సవరణ. తెలుగులో మనం జింకనీ దుప్పినీ కలిపేస్తాం, కొమ్ములకి కూడా ఒకే మాట వాడతాం. చుక్కల దుప్పి, కణుజు, మూస్ దుప్పి కుటుంబానివి. వాటి కొమ్ము వట్టి ఎముక, శాఖలుగా చీలి, ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది. కృష్ణజింక ఆవు, మేకల చుట్టం. దాని కొమ్ము లోపల ఎముక, పైన మన గోరులాంటి తొడుగు. మరమేకులా మెలితిరిగి జీవితాంతం ఉంటుంది, మగదానికే. పిల్లలూ ఆడవీ లేత గోధుమరంగు, మగది ముదిరేకొద్దీ నల్లబడుతుంది. పాత తెలుగులో దీన్ని ఇఱ్ఱి అన్నారు. కృష్ణసారం సహజంగా తిరిగే నేలే యజ్ఞానికి తగిన దేశమని మనుస్మృతి చెప్పింది. ఉపనయనంలో వటువుకి కట్టే కృష్ణాజినం దీని తోలే. ఇప్పుడిది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు.

ఇది చెట్ల మృగం కాదు, బయలు మృగం. దూరం నుంచే శత్రువుని చూడాలి, చూసి పరిగెత్తాలి. చిరుతపులి కాదు, చీతా దీన్ని తరిమే రోజుల్లో అబ్బిన పరుగది. మన దేశంలో చీతా లేదని 1952లో ప్రకటించారు. తరిమేది పోయినా పరుగు మిగిలింది. మన దేశంలో బయలు అంటే పొలమే కాబట్టి కృష్ణజింక బతుకు రైతు దయ మీద ఆధారపడ్డది. గంజాం రైతు దయగలవాడు. కరువొచ్చిన ఏడు జింకలు పొలాల్లోకొచ్చాయనీ, వాటి వెంట వాన వచ్చిందనీ ఆ ఊళ్ళలో చెప్పుకుంటారు. మళ్ళీ వానే, గమనించారా? నిజం సంగతి అలా ఉంచి, ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2011లో గంజాంలో రెండు వేల పైచిలుకు ఉన్నవి 2021కి ఏడు వేలు దాటాయి. అదే ఒడిశాలో పూరీ దగ్గర బాలుఖండ్ అభయారణ్యంలో, కంచె, కాపలా అన్నీ ఉన్నచోట, ఉన్న జింకలు లేకుండా పోయి, మళ్ళీ బయటి నుంచి తెచ్చి వదలవలసి వచ్చింది. అభయారణ్యం కాపాడలేనిదాన్ని పెసరచేను కాపాడింది.

ఇది విని ప్రతి రైతూ గంజాం రైతులా ఉండాలనడం నాకు చేతకాదు. మేసిన పెసరచేను ఎవరిదో వాళ్ళకే తెలుస్తుంది ఆ నొప్పి. కర్నూలు ప్రాంతంలో బట్టమేక పిట్ట కోసమని 1988లో రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. పిట్ట తగ్గిపోయింది, కృష్ణజింకలు పెరిగాయి, చుట్టుపక్కల చేలు మేశాయి, రైతులకి అభయారణ్యమంటేనే విసుగు పుట్టింది. తెలంగాణలో నారాయణపేట వైపు కృష్ణాతీరం రైతులదీ అదే గోడు. రాత్రంతా చేలో కాపలా పడుకునే మనిషికి ఆ జింక రాష్ట్ర జంతువని చెప్పి చూడండి, ఏమంటాడో!

*

న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలు టెక్కలి నుంచి గోంగూర విత్తనాలు పట్టుకెళ్ళి పెరట్లో చల్లింది. మొలిచాయి, మొలక మీద మొలక దుప్పులు మేసిపోయాయి. బీరపాదు, టమాటా, మందారం, అన్నిటికీ అదే గతి. "పచ్చిమిరప ఒక్కటే మిగిల్చాయి మావయ్యా" అని ఫోనులో వాపోయింది. అవి తెల్లతోక దుప్పులు. 1900 ప్రాంతంలో వేట వల్ల ఆ దేశమంతటా ఐదు లక్షలో అంతకన్నా తక్కువో మిగిలిన ఈ దుప్పి, ఇవాళ మూడు కోట్ల దాకా ఉందని అంచనా. తోడేళ్ళనీ, కూగర్లనీ మనిషి చాలాచోట్ల తుడిచిపెట్టాడు. ఆపైన కాల్పులు నిషేధమైన కాలనీలు కట్టి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే గడ్డి పెంచాడు. ఇంతకన్నా మంచి చాటు దుప్పి కోరుకోలేదు. వాటితోపాటు గోమార్లూ వచ్చాయి, గోమార్లతో లైమ్ అనే జ్వరం వచ్చింది. దీనిలో ఓ మెలిక ఉంది. జ్వరం కలిగించే సూక్ష్మజీవి ముఖ్యంగా ఎలుకల్లాంటి చిన్న జంతువుల్లో ఉంటుంది, దుప్పి పని పెద్ద గోమార్లకి నెత్తురిచ్చి వాటి సంతతి పెంచడం.

మే నెల చివరలో మేనకోడలి దగ్గర్నుంచి ఇంకో ఫోను. వాకిట్లో పొద కింద దుప్పి పిల్ల ఒక్కతే పడుకుని ఉందట, తల్లి లేదట, కదలడం లేదట, లోపలికి తెచ్చి పాలు పట్టనా అని. వద్దన్నాను. దుప్పి పిల్ల మొదటి వారాల్లో చెయ్యవలసిన పని అదొక్కటే, కదలకుండా పడుకోవడం. దాని ఒంటికి వాసన బహు తక్కువ. చుక్కలు ఆకుల మధ్య ఎండ పొడలా కలిసిపోతాయి. తల్లి ఈనగానే మాయ తినేసి, పిల్లని నాకి శుభ్రం చేసి, దూరంగా వెళ్ళి మేస్తుంది. దగ్గరే ఉంటే తన వాసనే శత్రువుని పిలుస్తుంది. రోజుకి కొద్దిసార్లు వచ్చి పాలిచ్చి మళ్ళీ పోతుంది. కృష్ణజింకా పిల్లని ఇలాగే గడ్డిలో దాస్తుంది. ఆ పిల్లని మనం దయతలిచి ఎత్తుకొస్తే అది అపహరణే. సాయంత్రానికి మేనకోడలు మళ్ళీ చేసింది, తల్లి వచ్చి తీసుకెళ్ళిందని.

మనకి జడభరతుడి కథ ఉంది కదా. రాజ్యం వదిలి తపస్సు చేసుకుంటున్న భరతుడు గండకీ తీరాన ఓ లేడిపిల్లని చేరదీశాడు, దాని మీద మమకారంతో తపస్సు మరిచాడు, చచ్చి జింకై పుట్టాడు. పోతన భాగవతంలో ఆ పంచమ స్కంధం గంగన తెలిగించినది. కథని వైరాగ్య పాఠంగా చెబుతారు, నాకు మాత్రం వన్యప్రాణి శాఖ హెచ్చరికలా వినిపిస్తుంది. అయితే భరతుడి విషయంలో తల్లి సింహగర్జన విని బెదిరి ఏరు దూకి నిజంగానే చచ్చిపోయింది, అతనికి వేరే దారి లేదు. మన పెరట్లో తల్లి చావలేదు. పొద వెనక నిలబడి, ఈ మనుషులు ఎప్పుడు లోపలికి పోతారా అని చూస్తుంటుంది. ఇంట్లో పెంచిన మగపిల్ల ఈడొచ్చాక మనిషిని తన జాతి మగదనుకుని కొమ్ములతో కుమ్ముతుంది. అలా పొడిపించుకున్నవాళ్ళు ఎందరో. ఇవన్నీ కాక, మన దేశంలోనైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం.

*

మన వైపు దుప్పి పెరట్లోకి గోంగూర కోసం రాదు. ఎండలు ముదిరి కొండల్లో గెడ్డలు ఎండినప్పుడు నీళ్ళ కోసం దిగుతుంది. ఊరి కుక్కలు వెంటపడతాయి. తప్పించుకోబోయి నేలబావిలో పడుతుంది, లేదా ఏదో ఇంటి దొడ్లోకి దూరుతుంది. అప్పుడు ఊరివాళ్ళు మంచి మనసుతోనే కుక్కల్ని తోలి దుప్పిని పట్టుకుంటారు. కాళ్ళు కడతారు. నోట్లో నీళ్ళు పోస్తారు. పిల్లలు నిమురుతారు, పెద్దలు సెల్‌ఫోన్లు తీస్తారు. అటవీశాఖవాళ్ళు వచ్చేసరికి, లేదా వచ్చి తీసుకెళ్ళిన మర్నాడు, దుప్పి చచ్చిపోతుంది. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం ఉండదు. భయంతో గుండె ఆగిందంటారు.

ఆ మాట తప్పు కాదు గాని, జరిగేది అంతకన్నా పెద్దది. పశువైద్యులు దీన్ని క్యాప్చర్ మయోపతీ అంటారు, పట్టుబడ్డ జంతువు కండరాలకి వచ్చే జబ్బు. దుప్పి ఒళ్ళు పొట్టి పరుగు కోసం తయారైంది. ఉన్న బలమంతా ఒక్క నిమిషంలో పెట్టి శత్రువు అందనంత దూరం పోయి ఆగాలి. కుక్కల గుంపు ఆగనివ్వదు. తరవాత మనం కట్టేసినా దాని లోపల పరుగు ఆగదు. కళ్ళ ముందు శత్రువులున్నంతసేపూ నెత్తుట్లోకి అడ్రినలిన్ దూకుతూనే ఉంటుంది, కండరాలు బిగిసే ఉంటాయి. ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, నెత్తురు ఆమ్లమవుతుంది, ఒళ్ళు కాలిపోతుంది. కండరాల కణాలు చితికి వాటిలోని పదార్థాలు రక్తంలోకి కారతాయి. మయోగ్లోబిన్ మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది, మూత్రం కషాయం రంగులోకి మారుతుంది. పొటాషియం గుండె లయ తప్పిస్తుంది. ఇది నిమిషాల్లో చంపొచ్చు, రోజుల తరవాతా చంపొచ్చు. ముదిరాక వైద్యం ఫలించడం అరుదు. అంటే మనం ప్రేమగా నిమిరే ప్రతి చెయ్యీ దాని లెక్కలో ఇంకో కుక్క.

చెయ్యవలసింది బహు కొంచెం. కుక్కల్ని కట్టెయ్యాలి, జనాన్ని పంపెయ్యాలి. దెబ్బ తగలకుండా దొడ్లో ఉంటే తడిక తలుపు తీసి, దీపాలార్పి ఇంట్లోకి పోవాలి. చీకటి పడ్డాక వచ్చిన దారినే పోతుంది. కదల్లేక పడి ఉంటే కళ్ళ మీద ఓ పల్చని గుడ్డ కప్పి, నీడ చూసి, నోరు మూసుకుని అటవీ సిబ్బంది కోసం ఎదురుచూడాలి. తేలుకుంచి ముసలమ్మ మాట మళ్ళీ పనికొచ్చింది.

*

చాటు కోసం వచ్చేవాటి గురించి చెప్పాను. తిండి కోసం వచ్చేవాటిది వేరే కథ, అది ఉద్దానం వాళ్ళని అడగాలి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టూ కొబ్బరి, జీడి, పనస తోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి లక్షల చెట్లు కూల్చిన నేల. అక్కడికి ఎలుగుబంట్లు దిగుతాయి. ఎలుగుకి మనిషి చాటు అక్కర్లేదు, దానికి కావలసింది పనసపండూ జీడిమామిడీ. చీకట్లో తోటకి వెళ్ళిన మనిషి దాని కంటపడ్డాడా, అది పారిపోదు, మీద పడుతుంది. పెద్దపులి ఉన్న అడవిలో బతికిన జంతువు, చెట్టెక్కి తప్పించుకోవడం దాని పద్ధతి కాదు. ఎదురుదాడే దాని రక్షణ. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఓ ఎలుగు ఒకరిని చంపి, మర్నాడు మరికొందరిని గాయపరిచింది. పట్టి తరలిస్తుండగా అదీ చచ్చిపోయింది. కొంగని ఆడపిల్ల అన్నట్టు ఎలుగుని అల్లుడనుకోమని ఉద్దానం రైతుకి ఎవరూ చెప్పలేరు. రాలిన పండు సాయంత్రానికల్లా ఏరెయ్యడం, ఒంటరిగా వెళ్ళకపోవడం, గట్టిగా మాట్లాడుకుంటూ నడవడం, ఇవే ఉన్న ఉపాయాలు.

చిక్కంతా చాటు కోసం వచ్చినదాన్ని మనమే తిండి కోసం వచ్చేదిగా మార్చినప్పుడు వస్తుంది. అలిపిరి నడకదారిలో కంచెలోంచి మూతి పెట్టే దుప్పులకి భక్తులు కీరా ముక్కలూ క్యారెట్లూ పెట్టేవారు. పుణ్యమనుకునేవారు. దుప్పులు దారి పక్కన మూగితే చిరుతకి దారి చూపినట్టే. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత ఆరేళ్ళ పాపని పొట్టన పెట్టుకున్నాక జంతువులకి తిండి పెట్టడాన్ని దేవస్థానం నిషేధించింది. జపాన్‌లోని నారాలో దుప్పుల్ని దేవతల దూతలంటారు. యాత్రికులు బిస్కట్లు పెడతారు. 2019లో అక్కడ చచ్చిన దుప్పుల పొట్టలు కోస్తే ప్లాస్టిక్ సంచులు ముద్దలు ముద్దలుగా బయటపడ్డాయి, ఒకదాంట్లో నాలుగు కిలోల పైన.

తేలుకుంచిలో ఆ ముసలమ్మ కొంగలకి గింజ వెయ్యదు, నత్త ఏరిపెట్టదు. ముద్దు చెయ్యదు, తిట్టుకుంటూ ఊడుస్తుంది. కొంగలకి ఆవిడ అంత బాగా పనికిరావడం అందుకే. ఏ రోజుకారోజు ఒకేలా ఉండే మనిషి.

కానీ ఆ చెట్టు ఆవిడ కొడుకులది. పక్షికి చట్టం ఉంది, పట్టా నేలలోని చింతచెట్టు మాత్రం ఇంటివాడి సొత్తు. కొంగలున్నంతకాలం కాపు నష్టం, నీడ నష్టం. రేపు ఇల్లు విడగొట్టుకుని డాబా పొడిగించుకోవాలనుకుంటే మొదట పోయేది చెట్టే. తేలినీలాపురంలో 2021–22 చలికాలంలో కడుపులో నులిపురుగులు పెరిగి గూడబాతులు పదులకొద్దీ చచ్చిపోతే పశువైద్యులు వచ్చారు, పత్రికలు రాశాయి. చెట్టు పోయినప్పుడు ఎవరూ రారు. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊరుంది, అక్కడా గూడబాతులూ రంగుకొంగలూ ఇళ్ళ మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు కడతాయి. పక్షులు వాలిన చెట్టు కాపు కోసుకోనందుకు అక్కడి అటవీశాఖ చెట్టు యజమానికి పరిహారం కడుతుంది. పెద్ద మొత్తమేమీ కాదు, చెట్టుకి అద్దె. మన కొంగల ఊళ్ళలో ప్రతి చెట్టుకీ నంబరు వేసి, ఏటా ఆ అద్దె ఠంచనుగా ఇంటివాళ్ళ చేతికందేలా చూడాలి. పత్రికలవాళ్ళు ఈసారి సైబీరియా గురించి రాసే బదులు ఆ సంగతి అడిగి రాస్తే బాగుంటుంది.